సెకనుకు పదిహేనుసార్లు భ్రమరమ్మ

నిరుడు పోయిన భ్రమరమ్మ మంగళవారం పొద్దున తిరిగొస్తుంది. కాకపోతే సెకనుకు పదిహేనుసార్లే ఉంటుంది. ఇంట్లో రాట్నం, నీళ్ళ బిందె, మొగుడు చౌడయ్య ముప్పైసార్లు ఉంటారు. ఆమె వచ్చింది ఎవరిదో పాత ఫోనులో తీసిన పెళ్ళి వీడియోలోంచి. అందులో సెకనుకు అన్ని ఫ్రేములే, అన్ని బొమ్మలే ఉన్నాయి.

వచ్చీ రాగానే రాట్నం ముందు కూర్చుని నూలు కండె చుడుతుంది. మగ్గం గుంటలో ఉన్న చౌడయ్యకు అందిస్తుంది. అతను చెయ్యి చాచేసరికి ఆమె ఉండదు. కండె కింద పడుతుంది. మళ్ళీ ఉంటుంది, మళ్ళీ అందిస్తుంది. మధ్యాహ్నానికి గుంటలో మోకాళ్ళ దాకా కండెలు.

చౌడయ్యకు ఒక్క కండె ఆమె చేతిలోంచి అందుకోవాలని ఉంది. నలభై ఏళ్ళు అందుకున్నాడు గాని, తలెత్తి అందుకోలేదు.

ఆమెను చీరాలలో పెళ్ళి వీడియోలు కూర్చే మిక్సింగ్ షాపుకు తీసుకెళ్తాడు. షాపు నడిపే ఫర్జానా భ్రమరమ్మను తెరమీద పొడుగ్గా పరిచి చూస్తుంది.

"మధ్యమధ్య ఖాళీ తాతా. ఉన్న ఫ్రేమునే రెండోసారి పెట్టనా?"

పెడుతుంది. భ్రమరమ్మ అడుగడుక్కీ తట్టుకుంటుంది.

"పోనీ, ముందుదీ వెనకదీ కలిపేస్తా."

కలుపుతుంది. భ్రమరమ్మకు నాలుగు చేతులొస్తాయి, నాలుగూ పలచగా.

"ఇవేవో అప్పుడే ఇచ్చుంటే పనన్నా తెమిలేది గదే," అంటుంది భ్రమరమ్మ.

"ఇంక మిగిలింది, కంప్యూటర్నే ఊహించుకోమనడం," అంటుంది ఫర్జానా.

ఊహిస్తుంది. భ్రమరమ్మ నీళ్ళలా కదులుతుంది. గాజులు మణికట్టులోకి కరుగుతాయి. చౌడయ్య ఆమె చూపుడువేలు పట్టుకుని చూస్తాడు. నూలు కోసిన గాటు లేదు.

"ఈ వేలు మాది కాదమ్మా."

"దానికేం తెలుసు? చూసినవాళ్ళకు తెలియాలి. మధ్యలో ఈమె ఎట్టా ఉందో నువ్వు చూశావా?"

"నేను బట్టనే చూశా."

"అయితే బట్టే ఇవ్వు."

భుజం మీది తువ్వాలు ఇస్తాడు. అతను నేసిందే. అందులో ప్రతి అడ్డపోగూ ఆ వేలి గాటులోంచి జారి వచ్చిందే. ఫర్జానా ఒక్కో పోగూ లాగి రెండు ఫ్రేముల మధ్య పెడుతుంది. భ్రమరమ్మ నిండుతుంది. వేలికి గాటు వస్తుంది.

"ఈ తువ్వాలు రెండు నిమిషాల నలభై సెకన్లే వస్తది తాతా. తర్వాతో?"

చౌడయ్య తను నేసి కట్టుకున్న పంచె వైపు చూసుకుంటాడు.

ఇంటికి చేరేసరికి అతని పంచెలో నిలువుపోగులే మిగులుతాయి. ఆ తర్వాత ఊళ్ళో పెట్టెల్లోంచి, దండేల మీంచి, అతను నేసిన చీరల అడ్డపోగులు ఒక్కొక్కటే లేచి వీధి వెంట వస్తాయి. సైకిళ్ళు ఆగి దారిస్తాయి.

నిలువుపోగులు రెండు చేతులా పట్టుకుని ఒకామె గుమ్మంలో నిలబడుతుంది.

"చౌడయ్య మామా, ఇది నా పెళ్ళి చీర."

"నువ్వు ముప్పై ఏళ్ళు కట్టుకున్నావు తల్లీ. నేనింకా మా భ్రమరమ్మను చూడనే లేదు."

ఆమె లోపల రాట్నం ముందున్న భ్రమరమ్మను చూసి, చీరను గుమ్మం పక్కన నిలబెట్టి వెళ్ళిపోతుంది.

భ్రమరమ్మ కండె అందిస్తుంది. చౌడయ్య తలెత్తి అందుకుంటాడు. పడదు. వెచ్చగా ఉంది.

బయట వీధి పొడుగునా అడ్డపోగులు లేని చీరలు నిలబడి ఉంటాయి, కురుస్తూ ఆగిపోయిన వానలా. ఒక్కో చీరలోంచీ ఒక చెయ్యి బయటికొస్తుంది. ప్రతి చూపుడువేలికీ గాటు, ప్రతి చేతిలోనూ కండె.

చౌడయ్య గుంటలోంచి లేచి మొదటి చేతి దగ్గరికి నడుస్తాడు.