అరవని కొంగలు

ఆసుపత్రి లాండ్రీలో రాత్రంతా యంత్రాల ముందు నిలబడి వచ్చినదానికి ఆదివారం పొద్దున కావలసింది పక్క, దుప్పటి. నాకు దక్కినవి చెరువు గట్టు, బురద, నాన్న. వసంతం మొదలైతే చాలు, పిట్టల్ని చూడ్డానికి ఆయన బూట్లు వేసుకుని నా స్కూటరు పక్కన నిలబడతాడు. ఇన్నాళ్లూ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేదాన్ని. ఈసారి అక్క వదల్లేదు.

"నిన్న బజార్లో నాన్న ఎదురుగా వచ్చి నన్ను దాటుకుని పోయాడే! గట్టిగా పిలిస్తే గానీ ఆగలేదు" అంది ఫోన్లో. "కళ్లు ఆనుతున్నాయో లేదో నువ్వే చూసి చెప్పు. నా కూతురు ఆయన వ్యాన్లోనే కదా బడికి పోయేది!"

నాన్న స్కూలు వ్యాన్ నడుపుతాడు. అమ్మ పోయాక ఆయన్ని మంచం మీంచి లేపుతున్నది ఆ వ్యానే. కంటి డాక్టరు పేరెత్తితే ఒంటికాలి మీద లేస్తాడు. ఆ వ్యాన్ మాన్పించే పాపం ఇప్పుడు నా నెత్తిన పడింది.

జమ్ముగడ్డి మధ్య చెక్కలతో కట్టిన మంచె ఉంది. మేం ఎక్కేసరికి రిటైరైన లెక్కల మాష్టారు, ఆయన భార్య అక్కడున్నారు. ఈ పిట్టల మనుషులది వింత పద్ధతి. పెళ్లికి వచ్చినంత సంబరంగా వస్తారు, చావింట్లో ఉన్నట్టు గుసగుసలాడతారు. ముందు చూసినవాళ్లు పేరు చెప్పాలి, మిగతావాళ్లు అటు తిరగాలి. ఆవలింత కూడా చప్పుడు కాకుండా మింగాలి.

"ఎడమ పక్కన తీతువు" అన్నాడు నాన్న. ఉంది.

"మీ వెనకాల లకుముకి, మాష్టారూ." అదీ ఉంది. కాసేపటికి జమ్ములో దాక్కున్న బుడుబుంగను కూడా పట్టేశాడు.

"మీ నాన్నగారివి కళ్లు కావమ్మా, దుర్భిణీలు!" అన్నారు మాష్టారు.

నా గుండెల మీద బరువు దిగింది. "అంతా బాగుంది, నీదంతా అనుమానం" అని అక్కకు మెసేజ్ కొట్టడం మొదలుపెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆయన కళ్లు బాగున్నందుకు కాదు, ఇంటికెళ్లి పడుకోవచ్చని సంతోషించాను.

అంతలో మాష్టారి భార్య నా మోచెయ్యి పట్టుకుంది. ఎదురుగా, ఎండకు మెరుస్తున్న నీళ్లలో తెల్లకొంగల గుంపు దిగింది. గరిటెల్లాంటి ముక్కులు నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తూ మేస్తున్నాయి. అవి ఎంత దగ్గరగా ఉన్నాయంటే నిద్రమత్తులో ఉన్న నాకే కనిపించాయి. భార్యాభర్తలిద్దరూ నోరు మెదపలేదు. పేరు చెప్పే గౌరవం నాన్నకు వదిలేశారు.

నాన్న బైనాక్యులర్స్ సరిగ్గా అటే పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత దించేశాడు.

"ఇవాళ్టికి ఇంతే. నీళ్లన్నీ ఖాళీ. పోదాం పదమ్మా."

మాష్టారు నా వంక చూశారు. నేను తల దించుకున్నాను. తీతువు అరిచింది, లకుముకి అరిచింది, బుడుబుంగా అరిచింది. అరవనిదాని పేరు నాన్న ఒక్కటి కూడా చెప్పలేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికీ ఓపిక లేదు.

స్కూటరు దగ్గరికి వచ్చాక అన్నాను, "ఎదురుగా కొంగలున్నాయి నాన్నా. పెద్దవి, తెల్లవి. ముక్కులు గరిటెల్లా ఉన్నాయి."

ఆయన చెరువు వైపు తిరిగాడు. "అవి అరవవు" అన్నాడు మెల్లగా.

"రేపు పిల్లల్ని ఎక్కించుకుంటావా?"

అరుస్తాడనుకున్నాను. సీటు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మొన్న పిల్లల్ని దింపేసి వస్తుంటే వ్యాన్‌కి ఏదో తగిలింది. దిగి చేత్తో తడిమాను. మెత్తగా తగిలేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరిదో స్కూలు బ్యాగు. పక్కనెక్కడైనా పిల్లాడున్నాడేమోనని రోడ్డంతా దేవులాడాను. ఎవరూ లేరులే."

"మరి నిన్న కూడా నడిపావే!"

నేను గట్టు మీద కూర్చుని ఫోన్ తీశాను.

"స్కూలువాళ్లకు నేను చెప్తా" అన్నాను.

"వద్దు. నేనే చెప్పుకుంటా." చెయ్యి చాచాడు. "నెంబరు మాత్రం నువ్వు నొక్కివ్వు."