ఆదివారం లైవ్

“కూర్చుని ఫోన్లు చూసుకునే పనికి ఇంత హడావుడేంటమ్మా? పప్పు తాలింపు పెట్టి పోరాదూ?” అంది అత్తగారు పున్నమ్మ.

మహిమ తాలింపు పెట్టింది. అన్నం వార్చింది. కూతురు జెస్సీకి జడలు వేసింది. భర్త ఏసుబాబు తెల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించింది. ఏడున్నరకల్లా ల్యాప్‌టాప్ సంచి భుజాన, కెమెరా స్టాండు చంకన పెట్టుకుని, నల్లపాడు శివారులో ఉన్న తమ చర్చికి బయల్దేరింది. ఆ రోజు సంఘ వార్షికోత్సవం.

ఆదివారం ఆరాధన ఫోన్లలో చూపించే ఈ లైవ్ మొదలుపెట్టింది తనే. కరోనా రోజుల్లో చర్చికి తాళం పడి, పాస్టరుగారు ఖాళీ బెంచీలకు వాక్యం చెబుతుంటే, పాతచీర పీలికతో కిటికీ ఊచకు ఫోను కట్టి ఊరికి వినిపించింది. స్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషికి కెమెరాలేం తెలుసు? వీడియోలు చూసి, చెడగొట్టి, మళ్ళీ కలిపి నేర్చుకుంది. కరోనా పోయింది గాని లైవ్ నిలిచింది. మంచం దిగలేని ముసలాళ్ళు, పచ్చి బాలింతలు, మిరపకోతలకు వలసపోయి పొలం గట్టున కూర్చున్న కూలీలు, ఆదివారం కోసం మూడు వందల మంది ఎదురుచూస్తారు. పొదిలిలో పక్షవాతంతో పడివున్న ఒక పెద్దావిడ మనవరాలి చేత రాయించింది, ‘పాట వినపడతా ఉందమ్మా, నేనూ పాడుతున్నా’ అని. ఆ మాట చదివిన రోజు మహిమ అన్నం తినకుండానే కడుపు నిండిన మనిషిలా తిరిగింది.

అయినా సంఘంలో అది ‘ఏసుబాబుగారి లైవ్’. ఆయనది పురుగుమందుల కొట్టు, కమిటీలో సభ్యుడు. ఆ ల్యాప్‌టాప్ సంచి జిప్పు ఏనాడూ తీసినవాడు కాదు. ఎవరైనా మెచ్చుకుంటే “దేవుని కృపండి” అని తల వంచేవాడు. అందులో అబద్ధం లేదు. నిజమూ లేదు.

ముందురోజు మధ్యాహ్నం కమిటీ మహిమ ఇంట్లోనే సమావేశమైంది. టీ గ్లాసులు అందిస్తుంటే సంఘపెద్ద జోసఫ్ గారు అన్నాడు, “లైవుకి శాలువా మన ఏసుబాబుకి కప్పుదాం. ఆడమనిషిని స్టేజీ ఎక్కిస్తే ఏం బాగుంటది? ఇంటాయనకి కప్పితే ఇద్దరికీ కప్పినట్టేగా.” మహిమ భర్త మొహంలోకి చూసింది. ఒక్క మాట అంటాడేమో, కాదండీ అంటాడేమో అని. ఆయన టీ చప్పరించి “మీ ఇష్టమండి” అన్నాడు. ఖాళీ గ్లాసులు కడుగుతుంటే ఆమెకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళూ ఈ మాటకు తనే చోటిచ్చానని తెలిసి సిగ్గేసింది.

వార్షికోత్సవంలో శాలువా కప్పుతున్నప్పుడు ఏసుబాబు మొహం మీదికి కెమెరా తిప్పాల్సింది కూడా ఆమే. కావాలంటే మసకగా వదిలేయొచ్చు. వదల్లేదు. పని పనే. చాలా చక్కగా వచ్చిందా దృశ్యం.

ఆయన ఇంకా స్టేజీ మీద ఉండగానే కరెంటు పోయింది. జనరేటరుతో మైకు, ఫ్యాన్లు లేచాయి గాని నెట్ పెట్టె లేవలేదు. లైవ్ ఆగిపోయింది. అందరూ ఏసుబాబు వంక చూశారు. ఆయన శాలువా సర్దుకుంటూ వచ్చి, “ఏం నొక్కావు?” అన్నాడు గొంతు తగ్గించి.

మహిమ పనిలో పడింది. తన ఫోనులోని నెట్‌ను ల్యాప్‌టాప్‌కి కలిపింది, చిత్రం నాణ్యత కొంచెం తగ్గించింది, మైకు తీగ మార్చింది. రెండు నిమిషాలు. ‘వచ్చిందమ్మా’, ‘వందనాలమ్మా’ అంటూ కామెంట్లు జలజలా పడ్డాయి.

ఒంగోలు నుంచి వచ్చిన అతిథి పాస్టరుగారు ముచ్చటపడిపోయాడు. “మా చర్చిలో ఇలా ఆగితే ఆ వారానికి అంతేనండీ! ఏసుబాబుగారూ, ఏం చేశారో మైకులో చెప్పండి, మావాళ్ళు కూడా వింటారు.”

మైకు ఏసుబాబు చేతికొచ్చింది. ఆయన భార్య వైపు వంగాడు. ఎవరేమడిగినా ఇలా వంగేవాడు, ఆమె చెవిలో చెప్పేది, ఆయన పైకి అనేవాడు. ఇంటి మర్యాద అనుకునేదామె. ఈసారి పెదవి కదపలేదు. చర్చి అంతా చూస్తోంది. మూడు వందల ఇళ్ళూ చూస్తున్నాయి.

“అదీ... మహిమంతా దేవునికేనండి,” అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మహిమ లేచి మైకు అందుకుంది.

“మహిమ దేవునికేనండీ అయ్యగారూ. పని మాత్రం నేను చేశాను. ఎలా చేశానో చెబుతాను, రాసుకోండి.”

ఆడవాళ్ళ బెంచీల వైపు నుంచి ముందు ఒకరి చప్పట్లు, ఆ తర్వాత అందరివీ. ఆమె నెమ్మదిగా, బోర్డు మీద లెక్క చెప్పినట్టు, అంతా చెప్పింది. జోసఫ్ గారు పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఇంటికొచ్చాక ఏసుబాబు శాలువా కుర్చీ మీద పడేసి, అలిగి కొట్టుకి వెళ్ళిపోయాడు. మహిమ బతిమాలలేదు.

మరుసటి ఆదివారం ఆరాధన ముగిశాక తెర మీద పేర్లు వచ్చాయి. ఇన్నేళ్ళూ అక్కడ ‘మీడియా: ఏసుబాబు’ అని టైపు చేసింది తన వేళ్ళేనని ఆమెకు ముందురోజే తట్టింది. ఇప్పుడక్కడ ‘మీడియా: మహిమ’ అని ఉంది.

“నా పేరేదీ?” అన్నాడు ఏసుబాబు, తెర వంక చూస్తూ.

మహిమ తీగలు చుడుతూ, కెమెరా స్టాండు ఆయన చేతికిచ్చింది.

“పని నేర్చుకోండి, వేస్తాను.”