సబ్బు రాసిన కమాను

కచేరీ ఉన్న రోజున ఆమె వయొలిన్ పెట్టె తెరవడానికి ముందు కాఫీ డబ్బా మూత తియ్యాలి. అది ఎవరో చెప్పిన పని కాదు, అలాగని వద్దన్న పనీ కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ముచ్చటపడి చేసింది, అంతే, అది ఆమె నెత్తికి చుట్టుకుంది. బృందంలో ఒక్కొక్కరిదీ ఒక్కో రుచి. పియానో పెద్దాయనకి కాఫీ వాసన తగిలీ తగలనట్టుండే వేడి పాలు. డ్రమ్ములు వాయించే మరిదికి, వరసకి మరిదే, చెంచాతో తినదగ్గంత పంచదార. పాట పాడే అమ్మాయికి కాఫీ తాగితే గొంతు ఆరిపోతుంది, ఉత్త వేణ్ణీళ్ళు. బృందాన్ని నడిపించే మొదటి వయొలిన్‌కి, అంటే ఆమె మొగుడికి, పాలూ పంచదారా లేకుండా తారులా నల్లగా. అదీ స్టేజీ ఎక్కడానికి గంట ముందు అందాలి. ముందే అందితే స్టేజీ మీద ఆవలింతలు, ఆలస్యమైతే చేతికి చురుకు రాదు. ఏది జరిగినా అక్షింతలు పడేది ఆమె మీదే.

"నీకేముందే, పక్కన కూర్చుని గీకుతావు. జనం చూసేది నన్ను," అంటాడు ఆయన.

ఆమెది రెండో వయొలిన్. ఆమెకి కాఫీ లేదు, మాత్ర. మొదటి కచేరీలో ఆమె కూడా అందరితో పాటు ఓ కప్పు తాగి స్టేజీ ఎక్కింది. నిదానంగా, కమానుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లాగాల్సిన చోట, అది తీగ మీద గంతులేసింది. దిగాక ఆయన అందరి ముందూ, "మా ఆవిడ కమాను మర్చిపోయి కుట్టుమిషను తెచ్చిందర్రా," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, ఇప్పటికీ అరగనిది ఆ నవ్వే. మర్నాడు ఆయనే వాళ్ళమ్మ బీపీ మాత్రల అట్టలోంచి ఒకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. వాయించేవాళ్ళు చాలామంది వేసుకుంటారట, గుండె దడ అణుగుతుందట, చెయ్యి రాయిలా నిలుస్తుందట. నిలిచింది. నిజంగానే రాయిలా నిలిచింది. అప్పటినుంచి ఆమె చేతిలో ఏ స్వరమూ జారిపడలేదు, ఏ స్వరమూ లేచి నిలబడలేదు. జనం చప్పట్లు కొడితే పక్కింటి రేకుల మీద వాన పడుతున్నట్టు వినపడేది. "ఇస్త్రీ చేసినట్టు వాయిస్తావక్కా," అని పాట పాడే అమ్మాయి ఒకసారి మెచ్చుకుంది కూడా.

ఆయన వాయించే తీరు వేరు. మొదటి సగంలో కాఫీ ఒంట్లోకి దిగుతుంది, చెయ్యి పరుగెడుతుంది. విరామంలో, బిగిసిన నరాలు వదులవ్వాలంటూ వయొలిన్ పెట్టెలో దాచుకున్న చిన్న సీసాలోంచి రెండు మూతలు బ్రాందీ. ఇక రెండో సగమంతా ఊయల. స్వరాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలి కునుకు తీస్తుంటాయి, ఆయన మాత్రం కళ్ళు మూసుకుని స్వర్గంలో ఉన్నాననుకుంటాడు. ఆమె పరుగెత్తే మనిషిని చొక్కా పట్టుకుని ఆపాలి, తూగే మనిషిని వీపు మీద చెయ్యేసి నడిపించాలి. అదంతా కూర్చున్న చోటు నుంచి కదలకుండా, నాలుగు తీగలతో. పత్రికలో ఒకాయన రాశాడు కదా, 'గుర్రంలాంటి వేగం, ఏనుగులాంటి నిదానం' అని. ఆ గుర్రానికి కళ్ళెమెవరో, ఆ ఏనుగుని వెనకనుంచి తోసేదెవరో రాసినాయనకేం తెలుసు. ఆ మాటకొస్తే ఆమెకే సరిగ్గా తెలీదు. ఇల్లు చిమ్మేటప్పుడు చీపురు బరువు తెలీనట్టే, అదీ తెలీలేదు.

ఆవేళ కాఫీ ఫ్లాస్కుల్లో పోస్తుంటే అత్తగారు మాత్రల అట్ట పట్టుకొచ్చింది.

"అమ్మాయ్, ఒక్కటే మిగిలింది. కచేరీకి పోవడానికి నువ్వు మింగుతావా, పైకి పోకుండా ఉండటానికి నేను మింగనా?"

"మీరే వేసుకోండి అత్తయ్యా. దారిలో కొనుక్కుంటాలే."

"చీటీ లేందే షాపువాడివ్వడు, డాక్టరేమో ఊళ్ళో లేడు. ఇన్నేళ్ళూ నా మందు నీకు పంచిపెట్టానా? ఆస్తయితే ఇంత సులువుగా పంచేదాన్ని కాదు," అని మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. తాగి, "లేకపోతే ఏమవుతుందే?" అంది.

"చెయ్యి వణుకుతుంది."

"వణికితే?"

"నవ్వుతారు."

"నవ్వితే?"

ఆ ప్రశ్న ఇంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు, తనూ అడుక్కోలేదు.

హాలు వెనక గదిలో మాత్ర లేదని చెప్పగానే ఆయన మొహం మాడిపోయింది. "జనం కిటకిటలాడుతున్నారు, నువ్వు ఇవాళే మర్చిపోవాలా? బుద్ధుందా? చెప్పేదేంటంటే, కూర్చో. చెయ్యి ఆడించు. చప్పుడు మాత్రం రాకూడదు." అని తన సామాన్లలోంచి ఒక పాత కమాను తీసి ఆమె ఒళ్ళో పడేశాడు.

అదేమిటో అందరికీ తెలుసు. దాని వెంట్రుకలకి సబ్బు రుద్ది ఉంటుంది. తీగ మీద ఎంత లాగినా జర్రున జారుతుందే తప్ప పలకదు. స్టేజీ నిండుగా కనపడాలని వాయించడం రాని వాళ్ళని కూర్చోబెట్టినప్పుడు వాళ్ళ చేతికిచ్చేది అది. ఆయన మేనల్లుడు పోయినేడాది దాంతోనే దర్జాగా మూడు కచేరీలు చేసి, దండలు వేయించుకున్నాడు.

డ్రమ్ముల మరిది కాఫీ తాగడం ఆపి, "మాస్టారూ, వదినకి అదా?" అన్నాడు.

"నీ పంచదార నువ్వు చూసుకోరా," అన్నాడు ఆయన.

ఆమె తన కమానుని ఆ తలుపు సరిగా పడని గదిలో వదిలెయ్యబుద్ధి కాక, రెండూ పట్టుకుని వెళ్ళి కూర్చుంది.

దీపాలు వెలిగాయి. ఆయన మొదలుపెట్టాడు. ఆమె సబ్బు కమాను లాగింది. నిశ్శబ్దం. ఇంతమంది ముందు చెయ్యాడిస్తూ మూగగా ఉండటం ఎంత అవమానమో అనుకోవడానికి కూడా ఆమెకి తీరిక దొరకలేదు, ఎందుకంటే అప్పుడే గుండె తలుపు తట్టింది. మాత్ర కింద అణిగి పడున్న గుండె, ఇన్నేళ్ళకి. చెవుల్లో, బొటనవేళ్ళలో, నాలిక కింద కూడా కొట్టుకుంటోంది. భయమనుకుంది మొదట. కాసేపటికి, భయమే అయితే ఇన్ని రంగులెందుకున్నాయనిపించింది. ముందు వరసలో కూర్చున్న ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవడం కనిపిస్తోంది. పియానో పెద్దాయన ఊపిరి వినిపిస్తోంది. హాల్లో ఇంత సంగతి జరుగుతుంటే, తనేదో గోడ అవతల కూర్చుని వాయించిందా ఇన్నాళ్ళూ?

ఇంకోటీ వినిపించింది. తను లేని కచేరీ. ఎప్పుడు విన్నది గనక! ఆయన కాఫీ మీద పరుగందుకున్నాడు, వెనక చొక్కా పట్టుకునేవాళ్ళు లేరు. డ్రమ్ములు ఆయన్ని అందుకోబోయి తడబడ్డాయి. పాట పాడే అమ్మాయి ఊపిరి తీసుకునే చోటు దొరక్క మాట మింగేసింది. పియానో ఎటు పోవాలో తెలీక రెండు పడవల మధ్య నిలబడింది. పందిట్లోంచి ఒక గుంజ తీసేస్తే మొత్తం ఎటు వాలుతుందో చూస్తున్నట్టుంది ఆమెకి. ఆ గుంజ తనేనని తెలిసినప్పుడు గర్వం రాలేదు. కళ్ళ ముందు కొండ కనపడ్డ మనిషికి గర్వమెక్కడిది? నోరు తెరుచుకుని చూడటమే. ఇంత పెద్దదా నేను చేస్తున్న పని, అనుకుంది.

సబ్బు కమాను కాళ్ళ దగ్గర పెట్టి, తనది అందుకుంది.

పాటలో నిదానమైన చోటు వస్తోంది. ఆ చోటే. చెయ్యి వణుకుతోంది. ఆపాలని అలవాటుగా భుజం బిగించబోయి, మానేసింది. వణికితే? నవ్వితే? కమానుని తీగ మీద ఆనించి దాని బరువు దాన్నే మొయ్యనిచ్చింది. వణుకు మోచేతి నుంచి మణికట్టులోకి, అక్కణ్ణుంచి వెంట్రుకల్లోకి దిగి, స్వరంలోకి వెళ్ళిపోయింది. గంతులెయ్యలేదు. దూరాన్నుంచి పిలిచే మనిషి గొంతులా కొంచెం వణికి, తెరుచుకుంది. ఆ స్వరం తనదేనా అని ఆమె చేతివంక చూసుకుంది. ఒళ్ళు గగుర్పొడిచింది. అదే చెయ్యి, గిన్నెలు తోమే చెయ్యి, పొద్దున కాఫీ ఒలికి కాలిన మచ్చతో సహా.

గుండె కొట్టే లెక్కకే వాయించింది. డ్రమ్ముల మరిది తలెత్తి, ఆయన్ని వదిలేసి ఆమె లెక్క పట్టుకున్నాడు. పియానో వచ్చి చేరింది. పాట పాడే అమ్మాయి ఊపిరి తీసుకుంది, ఎంత హాయిగా తీసుకుందో హాలంతా వినపడింది. చివరికి, నలుగురూ ఒక దారిన పోతుంటే ఒంటరిగా పరుగెత్తే మనిషికి అడుగు తగ్గక తప్పనట్టు, మొదటి వయొలిన్ కూడా వచ్చి పక్కన నడిచింది. అప్పుడు విరుచుకుపడ్డ చప్పట్లు వానలా లేవు. ఒక్కో చప్పట్లో ఒక్కో మనిషున్నాడు.

విరామంలో ఆయన చెమట తుడుచుకుంటూ సీసా మూత తిప్పాడు. "చూశావా ఇవాళ నా చెయ్యి! మధ్యలో కాస్త ఎగిరిందిగానీ ఎలా సర్దుకున్నానో! నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే నాకెంత తేలికో ఇప్పుడర్థమైంది. ఇకనుంచీ ఆ కమానే వాడు."

మరిది ఫక్కున నవ్వబోయి, ఆమె వంక చూసి మింగేశాడు. పియానో పెద్దాయన మాత్రం పాలు చప్పరిస్తూ, "మాస్టారూ, ఆ సర్దింది ఎవరో మీ పక్కకి తిరిగి ఒకసారి చూడవలసింది," అన్నాడు.

ఆయన తిరిగి చూశాడు. ఆమె తన కమానుకి, తీగ మీద జారకుండా, గుగ్గిలం బిళ్ళ రుద్దుకుంటోంది. తెల్లటి పొడి రాలుతోంది, వేళ్ళు వణుకుతున్నాయి, ఆమె దాచుకోవడం లేదు.

"నువ్వు వాయించావా?"

"ఆఁ."

"మాత్ర లేకుండా?"

"మీరు కూడా అది పక్కన పెట్టండి," అంది సీసా వంక చూసి, కోపం లేకుండానే. "దాంతో చాలా వినపడకుండా పోతుందండీ. ఎంత పోతుందో నాకివాళే తెలిసింది."

ఆయన ఏదో అనబోయాడు. గంట మోగింది. సీసా మూత బిగించాడో, తాగాడో ఆమె చూడలేదు. అది ఇక ఆమె చూసుకోవాల్సిన పని కాదు.

బృందంలో ఒక పద్ధతుంది. మొదలుపెట్టే ముందు అందరూ మొదటి వయొలిన్ ఊపిరి కోసం చూస్తారు. ఆయన ఊపిరి పీల్చినప్పుడు అందరి చేతులూ లేస్తాయి. స్టేజీ మీద కుర్చీలు చేరుకున్నాక ఆమె తన కుర్చీని ముందుకి జరిపి, ఆయనకి మాత్రమే వినపడేలా, "ఈ సగం నేను ఎత్తుకుంటాను. మీరు అందుకోండి," అంది.

ఆయన కమాను ఎత్తాడు, దించాడు. డ్రమ్ములూ పియానో అప్పటికే ఆమె వైపు తిరిగి ఉన్నాయి. మొదటిసారి ఆయన చెయ్యి వణకడం ఆమె చూసింది. నవ్వు రాలేదు. ఈ వణుకు అందరిలోనూ ఉందా, పాపం, అనుకుంది. హాలు దగ్గడం మానేసింది. అంతమందీ, ఆయనతో సహా, ఆమె ఊపిరి కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళని ఏడిపించాలని కాదు, ఆ క్షణం ఎంత పెద్దదో ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని, ఆమె ఇంకొంచెంసేపు ఆగింది.

తర్వాత ఊపిరి పీల్చింది.