ఎర్రబడని హీటరు

కువైట్‌లోని హవల్లీలో ఆ నాలుగో అంతస్తు ఫ్లాటుకి రెండు గదులు, మధ్యలో చిన్న హాలు. ఒక గదిలో పెద్దిరాజు, చంద్రావతి దంపతులు. రెండోదాంట్లో గంగారత్నం ఉండేది. ముగ్గురిదీ కోనసీమే. పెద్దిరాజు డ్రైవరు. చంద్రావతి మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంట చేస్తుంది. గంగారత్నం రుమైథియాలో మంచం పట్టిన ముసలావిడను చూసుకునేది.

డిసెంబరు చివర్లో హాల్లో ఉన్న ఒక్క హీటరూ పోయింది. శుక్రవారం విప్పి చూస్తానన్నాడు పెద్దిరాజు. ఆ శుక్రవారం డ్యూటీ పడింది. తర్వాతి శుక్రవారం పడుకుండిపోయాడు. ఆ తర్వాత మంగళవారం గంగారత్నం జ్వరమని పనికి వెళ్ళలేదు. చలికాలంలో ఎడారి గుడారాల్లో తను పనిచేసే ఇంటివాళ్ళు బొగ్గులు రాజేసుకోవడం ఏళ్ళ తరబడి చూసిన మనిషి. ఒక రేకు పళ్ళెంలో బొగ్గులు వెలిగించి, కిటికీ బిగించుకుని పడుకుంది. సాయంత్రం చంద్రావతి వచ్చి పిలిస్తే పలకలేదు. బొగ్గుల నుంచి వచ్చిన విషపు గాలి అని చెప్పారు డాక్టర్లు.

పోలీసులు, కాగితాలు, ఎయిర్‌పోర్టు అన్నీ అయ్యాయి. శవం ఊరు చేరింది. చంద్రావతి మూడో రోజునే పనిలోకి వెళ్ళింది. ఉల్లిపాయలు తరిగింది, అన్నం వండింది. 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు ఏదో అడిగితే జవాబు చెప్పింది. ఏడుపు రాలేదు. రావడం లేదని దిగులూ కలగలేదు.

పంతొమ్మిదో రోజున పెద్దిరాజు, "చలి తగ్గేలా లేదు. హీటరు కొందామా?" అన్నాడు. ఆమె చెప్పులేసుకుంది.

కొట్టులో ముబీన్ అని రాయచోటి అతను ఉన్నాడు. మాట వినగానే తెలుగులోకి దిగాడు. "రండమ్మా. రూము ఎంత పెద్దది?" అంటూ మొదటి హీటరు ప్లగ్గు పెట్టాడు. రెండు కడ్డీలు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. చంద్రావతి మొహం తిప్పుకుంది.

"ఎర్రగా అయ్యేది వద్దండి."

"అట్లయితే ఇది చూడండి. లోపల నూనె ఉంటాది, కరెంటుతో కాగుతాది. ఎర్రబడదు, చప్పుడు చెయ్యదు."

"గాలి పాడవదా?"

"దీంట్లో ఏమీ మండదుమ్మా. పొగే రాదు."

"ఆ బొగ్గులకీ పొగ రాలేదండి," అంది చంద్రావతి.

ముబీన్ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. "వెనక సందులో ఒకామె పోయిన బిల్డింగు... మీదేనా?"

"ఆయ్."

అతను వైరు కింద పెట్టాడు. స్టూలు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. కాసేపటికి హీటరు వేడెక్కింది. ఆ వెచ్చదనం మోకాళ్ళకి తగిలేదాకా, తనకి ఇన్నాళ్ళూ చలేస్తోందని ఆమెకి తెలియలేదు.

ఒరిగితే దానంతటదే ఆగిపోతుందని ముబీన్ చెప్పాడు. పెద్దిరాజు దాన్ని ఒరగేసి చూశాడు. దాని మీది చిన్న దీపం ఆరిపోయింది. నిలబెట్టాడు, వెలిగింది. మళ్ళీ ఒరగేశాడు. మళ్ళీ నిలబెట్టాడు. ఆరోసారి చంద్రావతి అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంక చాలండి. పనిచేత్తంది కదా."

బయల్దేరేటప్పుడు ముబీన్ హెచ్చరించాడు. "ఎక్స్‌టెన్షన్ పెట్టద్దన్నా. గోడ ప్లగ్గుకే పెట్టాల."

ఇంటికొచ్చి చూస్తే హాల్లో ప్లగ్గు నల్లగా మాడి ఉంది. వాళ్ళ గదిలోది వదులైపోయి ఊగుతోంది. బిల్డింగు చూసుకునే హారిస్‌ని అడిగితే మనిషిని వారంలో పంపిస్తానన్నాడు. గట్టిగా ఉన్నది గంగారత్నం గదిలోది ఒక్కటే. ఆ తలుపు ఆ రోజు నుంచీ ఎవరూ తియ్యలేదు.

"వారం ఆగుదాంలే," అన్నాడు పెద్దిరాజు.

చంద్రావతి వెళ్ళి తలుపు తీసింది. ఆ రోజు వచ్చినవాళ్ళు తెరిచిన కిటికీ అలాగే ఉంది. మంచం మీద, నేల మీద సన్నటి ఇసుక పరుచుకుంది. ఆమె దుప్పటి మడిచింది, గుడ్డ తడిపి నేల తుడిచింది. అతను హీటరు పెట్టి, కిటికీ జానెడు సందు మాత్రం ఉంచి మూశాడు. ఇద్దరూ మంచం అంచున కూర్చున్నారు.

"శుక్రవారం చూత్తానన్నాను," అన్నాడతను, హీటరు వైపే చూస్తూ.

"నేనూ మళ్ళీ అడగలేదండి."

ఆమె కాళ్ళు వెచ్చబడుతుంటే వేళ్ళు సలపడం మొదలైంది. చీలమండల దాకా పోటు. కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

వారం తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గులన్నీ మార్చాడు. వాళ్ళు మాత్రం ఆ గదిలోనే ఉండిపోయారు. ఫిబ్రవరిలో వాళ్ళ పాత గదిలోకి సత్యదుర్గ అనే ఆవిడ దిగింది. అమలాపురం దగ్గర మనిషి. సంచి కింద పెట్టకముందే చంద్రావతి ఆమెను కూర్చోబెట్టింది.

"ముందు మా గంగారత్నం అక్క సంగతి చెప్పాలి మీకు," అని మొదలుపెట్టి, మంగళవారం పొద్దున్న జ్వరం దగ్గర్నించి అన్నీ చెప్పింది. ఎవరికైనా మొత్తం చెప్పడం అదే మొదటిసారి. "నాలుగుసార్లు పిలిచానండి," అన్న దగ్గర ఏడుపు వచ్చేసింది. సత్యదుర్గ ఆమె చెయ్యి వదల్లేదు.

చాలాసేపటికి చంద్రావతి మొహం కడుక్కుని, టీ పెట్టడానికి వెళ్ళింది.