లెఫ్టినెంటు తల్లి

నేను పీహెచ్‌డీ చేస్తున్నది ఎర్న్‌స్ట్ ఫాన్ లెస్టన్ అనే ప్రష్యా సైన్యాధికారి మీద. నవ్వకండి. ముదిగుబ్బ పక్క పల్లె నుంచి వచ్చి, ఎప్పుడో చచ్చిన జర్మనీ దొర మీద పరిశోధన ఏమిటని మా కాలేజీలో అందరూ నవ్వేశారు, ఇక మీ వంతు అక్కర్లేదు. మొదట కరువు మీద చేస్తానన్నాను. "కరువు మీద ఇప్పటికే పద్నాలుగు మంది చేసినారు, దాన్ని వదిలెయ్యమ్మా ఇంద్రాణీ" అన్నారు మా గైడు గారు. అది మమ్మల్ని వదిలితే కదా, నేను దాన్ని వదలడానికి! సరేనని లెస్టన్‌ను పట్టుకున్నాను.

సైనికుడే ఎందుకంటే మా నాయన కోసం. ఆయన పేరు బయ్యన్న, సుబేదారుగా రిటైరయ్యాడు. చక్కెర జబ్బుతో చూపు పోతూ వచ్చింది, ఇప్పుడు మనుషులు నీడల్లా కనిపిస్తారట. నేను కదిరిలో పాఠాలు చెప్పి వచ్చాక, రాసిన కాగితాలు ఆయనకు చదివి వినిపిస్తాను. లెస్టన్‌ను పదకొండేళ్లకే సైనిక బడిలో పడేశారు. పద్దెనిమిదికి లెఫ్టినెంటు. ఆ తర్వాత పదేళ్లు ఎదుగూ బొదుగూ లేదు. "మీ లెస్టనప్పకు గూడ ప్రమోషన్ ఇయ్యలేదా? యాడ చూసినా ఇదే కత" అని మా నాయన తెగ సంతోషపడ్డాడు. ఆస్ట్రియాతో యుద్ధంలో తొడకు గుండు తగిలినా గుర్రం దిగలేదని లెస్టన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. అది చదివితే, "అబద్దం. దిగింటాడు" అన్నాడు. సిపాయి సంగతి సిపాయికే తెలుసు మరి.

ప్రతి ఆదివారం పొద్దున మా ఊరి కాలనీ నుంచి నల్లమ్మ మా ఇంటికి వచ్చేది. ఆమె కొడుకు జయచంద్రను పటాలంలో చేర్పించింది మా నాయనే. పదకొండేళ్ల కిందట, కాశ్మీరు కొండల్లో ఆయన కింద పనిచేస్తూనే ఆ పిల్లవాడు మంచు చరియల్లో కూరుకుపోయి చనిపోయాడు. శవపెట్టెతో పాటు మా నాయన కూడా ఊరికి వచ్చాడు. తాను వద్దంటున్నా వినకుండా జయచంద్ర అడ్డదారిన ముందుకు పోయాడని చెప్పాడు. ఊరంతా నమ్మింది, నేనూ నమ్మాను.

నల్లమ్మ వసారాలో కూర్చుని కాఫీ తాగి, ప్రతిసారీ ఒకటే అడిగేది. "నువ్వు వద్దంటివి కదా సార్. అప్పుడు వాడేమనె?"

"వినలేదు నల్లమ్మా" అనేవాడు మా నాయన.

"మొండి సచ్చినోడు" అని, అన్నాక నాలుక కరుచుకునేది. "చిన్నప్పుడు బాయి కాడికి పోవద్దంటే ఆడికే పోయేటోడు సార్. నీ మాట వినింటే ఈపొద్దు ఇద్దరు బిడ్డల తండ్రి అయ్యుండు." అంటూ కొంగుతో ముక్కు తుడుచుకునేది. ఆమె తిట్లలో నాకెప్పుడూ ముద్దే వినిపించేది. ఈ ఏడు వేరుశనగ విత్తడానికి ఒక్క పదును వాన కూడా పడలేదు. కూలి పనులు లేక ఆమె బుధవారాలు కూడా వచ్చి కూర్చుంది, వాణ్ణి వారానికి రెండుసార్లు తిట్టుకుంది.

ఇంతలో నా పరిశోధన ఫ్రాన్సు యుద్ధం దాకా వచ్చింది. అప్పటికి లెస్టన్ మేజరు. ఒక రోజు అతని దళం ఫిరంగుల సాయం లేకుండా బయలు పొలానికి అడ్డంగా పోయి తుడిచిపెట్టుకుపోయింది. బ్రాంట్ అనే కుర్ర లెఫ్టినెంటు కుర్రతనం కొద్దీ ఆజ్ఞ లేకుండానే దూకాడని, తానెంత అరిచినా వినలేదని లెస్టన్ ఆత్మకథలో రాశాడు. బ్రాంట్ కూడా ఆ పొలంలోనే చచ్చాడు కాబట్టి కాదనేవాడు లేడు. కానీ ఆ దళంలో ఆ రోజు ఆజ్ఞలు రాసి పంపుకున్న చీటీలు నాకు ఇంటర్నెట్టులో దొరికాయి. ఒకదాని మీద లెస్టన్ చేతిరాతే: ఆగవద్దు, బ్రాంట్ ముందు నడవాలి. దాని కింద బ్రాంట్ రాత: ఫిరంగులు వచ్చేదాకా ఆగుదామా అయ్యా? దాని కింద మళ్లీ లెస్టన్: నడువు.

లంకెబిందెలు దొరికినంత సంబరం నాకు. పరుగున వచ్చి మా నాయనకు చదివాను, లెస్టన్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. "చచ్చినోని మీదికి తోసి జనరలైనాడు నాయనా! పిరికి నా బట్ట!"

మా నాయన ఆ చీటీ మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత, "ఆ పిల్లోని తల్లి ఉన్నెనా?" అని అడిగాడు.

"ఇంకా ఇరవై ఏండ్లు బతికింది. కొడుకు వల్ల అంతమంది చచ్చిరని చర్చిలో ఎవురికీ మొగం చూపించలేక యెనక కూసునేదంట."

"మీ లెస్టనప్ప చెప్పింటే ఆయమ్మకేం ఒరిగుండు?"

"నిజం తెలిసుండు గదా! తల్లికి ఇంకేం కావల్ల?" అన్నాను. నా నోటికి తాళం వేసుకోవలసింది. చరిత్ర చదివినదాన్ని కదా, అన్నీ తెలుసునని పొగరు. ఆ పూట ఆయన సంగటి ముట్టలేదు. చక్కెర ఎక్కువైందేమో అనుకున్నాను.

ఆదివారం నల్లమ్మ వచ్చింది. నేను కాఫీ తెచ్చేసరికి ఆమె అలవాటుగా అడిగింది. "నువ్వు వద్దంటివి కదా సార్..."

"నేను వద్దనలే నల్లమ్మా" అన్నాడు మా నాయన. గోడ వైపు చూస్తూ, రిపోర్టు చెప్పినట్టు చెప్పాడు. "మంచు కదుల్తాండాది, రేపు గట్టిపడినాక పోదాం సార్ అని వాడే అన్నాడు. నేనే వినలే. భయమా రా నీకు అని పదిమందిలో తిట్టి పంపిస్తి. నీకు అబద్దం చెప్పినా."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆమె కేకలు వేస్తుందని, మట్టి తీసి ఆయన మొహాన కొడుతుందని అనుకున్నాను. కొట్టినా నేను అడ్డం పోయేదాన్ని కాదు.

"అయితే మాట విన్నాడా?" అంది నల్లమ్మ.

"విన్నాడు."

"ఎదురు చెప్పలేదా?"

"లే. సరే సార్ అని పోయినాడు."

ఆమె ముఖం ఒక్క క్షణం విప్పారింది. అంత సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. మరుక్షణమే గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, పదకొండేండ్లు తిడ్తినే! సమాధి కాడ గూడ తిడ్తినే!" అంటూ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి పోయింది.

"నన్ను గూడ ఆడికి తీస్కపో పాపా" అన్నాడు మా నాయన. చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. కాలనీ అవతల గుట్ట కింద, జయచంద్ర సమాధి మీద నల్లమ్మ బోర్లా పడి ఉంది. చెంప బండకు ఆనించి గొణుగుతోంది. మేము వచ్చింది ఆమెకు తెలిసినట్టు లేదు.

"నన్నేనా తిడతాండేది?" అని మెల్లగా అడిగాడు మా నాయన. ఆ గొంతులో ఆశ ఉంది.

"లే నాయనా. తప్పయింది అంటాండాది, కొడుకుతో."

ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నన్ను తిట్టమని చెప్పు, పో" అన్నాడు.

నేను కదలలేదు.