గులాబీ గోడ, బూడిదరంగు పావురం

పిట్టలావిడ మూడోసారి పావురాన్ని వెనక్కి తెచ్చింది.

"ఇక్కడ చూస్తే బాగానే ఉంటుంది తల్లీ. ఇంటికెళ్ళేసరికి పచ్చగా, జబ్బు చేసినట్టు అయిపోతోంది. నేను వేసింది ఆరోగ్యంగా ఉన్న పావురాన్ని!" అంటూ ప్రింటు నా బల్లమీద పెట్టింది.

ఆవిడ పన్నెండు పిట్టల బొమ్మలు వేసింది. వాటితో క్యాలెండర్ వేయించాలని. స్కాన్ చేసి ప్రింట్లు తియ్యడం నా పని. ఆవిడ తన బొమ్మల్ని ఒక్క పూటయినా ఎవరి దగ్గరా వదలదు. స్కానర్ పక్కనే కూర్చుని, అవగానే సంచిలో పెట్టుకుని వెళ్ళిపోతుంది.

"శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ కుదరకపోతే వేరేచోట ఇచ్చుకుంటాను. ఏమీ అనుకోకు," అంది వెళ్తూ.

అనుకోకుండా ఎలా ఉంటాను? ఏడేళ్ళుగా మా ముందుగదిలో ఈ పని చేస్తున్నాను. బొమ్మలు వేసేవాళ్ళంతా ఒకరు చెబితే ఒకరు వచ్చినవాళ్ళే. ఈవిడ వెళ్ళిపోతే ఆ మాట కూడా అలాగే పాకుతుంది.

మళ్ళీ మొదటినుంచీ చూసుకున్నాను. స్కానర్ రంగుని ఒకలా చూస్తుంది, మానిటర్ ఇంకోలా చూపిస్తుంది, ప్రింటర్ మరోలా అద్దుతుంది. ఎవరి వంకర ఎంతో కొలిచి రాసిపెట్టుకున్న చీటీల్లాంటివి ప్రొఫైళ్ళు. అవి సరిగ్గా ఉంటే ముగ్గురూ ఒకే మాట మీద ఉంటారు. స్కానర్‌ది సరిగ్గానే ఉంది. మానిటర్‌ని కొలిచే పరికరంతో మరోసారి కొలిచాను. ప్రింటర్‌కి ఈ కాగితం ప్రొఫైలే ఇచ్చాను. తీరా ప్రింటు తీస్తే, మానిటర్ మీద బూడిదరంగులో ఉన్న పావురం కాగితం మీద కాస్త ఎర్రబారింది. ఈమధ్య ప్రతిసారీ చేస్తున్నట్టే నా చేత్తో ఎరుపు తగ్గించి మళ్ళీ తీశాను. ఇప్పుడు రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"అమ్మాయ్, చినుకులు పడుతున్నాయి. బట్టలు!" పెరట్లోంచి అత్తయ్య కేక.

చేతిలో ప్రింటుతోనే పరిగెత్తాను. అత్తయ్య దుప్పటి లాగుతూ దాన్ని చూసింది.

"అదేమిటే, పావురానికి ఆకుపసరు పూశావా?"

చూద్దును కదా, నిజంగానే పచ్చగా ఉంది. లోపలికి తీసుకెళ్ళాను, బూడిదరంగు. బయటికి తెచ్చాను, పచ్చ.

"ఏమిటే ఆ కాలుగాలిన పిల్లిలా తిరగడం? బట్టలు తడిసిపోతున్నాయి!"

నేను గుమ్మంలో నిలబడి గోడ వైపు చూస్తున్నాను. పోయిన నెల నేను పదిరోజులు మా అక్కయ్య దగ్గరికి వెళ్ళినప్పుడు, అత్తయ్య దగ్గరుండి ముందుగదికి గులాబీరంగు వేయించింది. వచ్చేవాళ్ళకి కళగా ఉంటుందని. ఆ గులాబీ కాస్తా బల్లమీద పెట్టిన ప్రతి కాగితం మీదా పడుతోంది. మానిటర్‌కి తన వెలుగు తనకుంది కాబట్టి మారలేదు. నెల్లాళ్ళుగా నేను తగ్గిస్తూ వచ్చిన ఎరుపు గోడది, పావురానిది కాదు.

ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను. "మీరే చెప్పండి మీ అమ్మకి."

"నేనా? ఆ రంగు ఎలా ఉందని అడిగితే నాలుగుసార్లు బాగుందన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నేనే ధైర్యం చేశాను. "అత్తయ్యా, ఆ గోడ..."

"ఏం, నా గోడ నిన్నేం చేసింది?"

చెబితే నమ్మదని, ప్రింటు గదిలో ఓసారి, పెరట్లో ఓసారి చూపించాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. మొహం చిన్నబోయింది.

"అయితే ఏ రంగు ఉండాలిట?"

"బూడిదరంగు. అదయితే కాగితం మీద ఏ రంగూ పడనివ్వదు."

"ఖర్మ! నా గదిలాగా? ఆ జైల్లో పడి ఉన్నది చాలకా?"

అత్తయ్య గది వెనకవైపు ఉంది. సిమెంటు గోడలకి ఇన్నేళ్ళయినా సున్నం కూడా పడలేదు. కిటికీలోంచి వెలుతురు వస్తుంది, ఎండ మాత్రం రాదు. వెళ్ళి ప్రింటు అక్కడ పెట్టి చూశాను. పచ్చదనం పచ్చగానే కనిపించింది.

"అత్తయ్యా, ఈ గది నాకిచ్చెయ్యండి. మీరు ముందుగదిలోకి వెళ్ళండి."

"వీధి కిటికీ ఉన్న గదా? నాకా?" అనుమానంగా చూసింది. "ఆలోచించి చెబుతాను."

ఆ ఆలోచన పాలు పొంగేంతసేపు కూడా పట్టలేదు. నేను పొయ్యి కట్టేసి వచ్చేసరికి అత్తయ్య దిండు ముందుగదిలో ఉంది. స్కానర్ మోస్తూ మా ఆయన నడుం పట్టుకుని మూలిగాడు. పేపరు చాటున దాక్కున్నందుకు నేను జాలిపడలేదు.

శుక్రవారం పిట్టలావిడ వచ్చింది. ప్రొఫైల్ చెప్పినట్టు తీసి, చెయ్యి పెట్టకుండా వదిలేసిన ప్రింటు ఇచ్చాను. సంచిలోంచి తన బొమ్మ తీసి పక్కన పెట్టుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళింది, పెరట్లోకి వెళ్ళి వచ్చింది.

"మెడ దగ్గర ఆ ఊదా మెరుపు కూడా వచ్చిందే," అంది మెల్లిగా. "కానియ్యి. మిగతా పదకొండూ ఇలాగే కానియ్యి."

ఒక్కో బొమ్మా స్కానర్‌కి ఇవ్వడం మొదలుపెట్టింది. పక్కన మాత్రం ఎంతోసేపు కూర్చోలేదు. నాలుగో బొమ్మ నా చేతిలో పెట్టి మంచినీళ్ళకని ముందుగదిలోకి వెళ్ళిన మనిషి అక్కడే ఉండిపోయింది. సంచీ ఇక్కడే, నా దగ్గరే వదిలేసింది.

"మా కోడలికి రంగుల దగ్గర కాస్త చాదస్తంలెండి," అంటోంది అత్తయ్య. "ఏం చేస్తాం, నేనే సర్దుకుపోయాను."