నా మీద పడే బొమ్మ నాకు కనబడదు

నేను ఒక దుప్పటిని. తెల్లటి డబుల్ కాటు దుప్పటిని, అంచున రెండు నీలం గీతలుంటాయి. ఇంతవరకూ నాకు ఖాయంగా తెలుసు. మిగతా సంగతుల్లో, ముఖ్యంగా మనుషుల సంగతిలో, నాకు మిగిలింది అయోమయమే. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నేమీ అనొద్దు.

చీరాల దగ్గర ఒక గుంటమగ్గం మీద పుట్టాను. నన్ను నేసిన వీరాస్వామి నేసినంతసేపూ పెళ్ళాంతో పోట్లాడుతూనే ఉన్నాడు. ఆవిడా తక్కువ తినలేదు. నన్ను మగ్గం నుంచి కోసి మడత పెట్టేటప్పుడు మాత్రం ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి. ఈ కొసలు ఆయన, ఆ కొసలు ఆవిడ పట్టుకుని గట్టిగా విదిలించి, ఎదురెదురుగా నడిచి వచ్చి చేతులు కలిపారు. ఆ వెంటనే పోట్లాట మళ్ళీ మొదలైంది. పెద్ద దుప్పటిని మడత పెట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలని నాకు అలా తెలిసింది.

నన్ను కొన్నది దమయంతి టీచరు. హైస్కూల్లో తెలుగు చెబుతుంది. ఒంటరి మనిషి కనుక నన్ను ఒక్కతే మడత పెట్టేది. నడుమ భాగాన్ని గడ్డం కింద నొక్కిపెట్టి చేతులు బార్లా చాపేది. ఎంత చాపినా నా మూల ఒకటి నేలకు రాసుకునేది.

ఒక వేసవిలో ఆవిడ మంచం దిగడం మానేసింది. జ్వరం లేదు. చలి అసలే లేదు, రోహిణి ఎండలు రోళ్ళు పగలగొడుతున్నాయి. అయినా పట్టపగలు నన్ను తలమీదికి లాక్కుని పడుకునేది. నిద్రా అంటే కళ్ళు తెరిచే ఉన్నాయి. ఏడుపా అంటే చుక్క తడి నాకు తగల్లేదు. దుప్పటన్నది చలికి కదా, మరి ఈవిడ దేన్నుంచి దాక్కుంటోంది? మొహం దగ్గర వేలి గోటితో నన్ను గీకుతూ ఉండేది. గీకి గీకి అక్కడ చిల్లు పడింది.

చుట్టాలు రానే వచ్చారు, వచ్చినవాళ్ళంతా వైద్యులే. "నీకేం తక్కువే? గవర్నమెంటు ఉద్యోగమాయె!" అన్నది పిన్ని. మేనమామ లేచి వాకింగు చెయ్యమన్నాడు. ఒకావిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. చివరికి వాళ్ళక్క వచ్చింది. ఆవిడ ఏమీ చెప్పలేదు. మంచం పక్కన కింద కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది. మర్నాడు బెండకాయలు తరిగింది. అలా కూరగాయలతోనే కొన్నాళ్ళు గడిపి, ఒక పొద్దున చెల్లెలికి జడ వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. 'డిప్రెషన్' అన్న మాట ఆ రోజే విన్నాను. మాత్రలు, మాటలు, మళ్ళీ మాత్రలు. మెల్లగా, చాలా మెల్లగా, ఆవిడ నన్ను మొహం మీద నుంచి భుజాల దాకా, భుజాల మీద నుంచి నడుము దాకా దించుకుంది. కూరగాయల వల్ల నయమైందా, మాత్రల వల్లా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

మళ్ళీ బడికి వెళ్ళాక ఆవిడకు ఒక పట్టుదల పుట్టింది. ఈ జబ్బు సంగతి ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పాలి. ఉపన్యాసంలా చెబితే పిల్లలు ఆవులిస్తారు కనుక కథలతో, సినిమాలతో చెప్పాలి. క్లాసు గోడకు సున్నం పెచ్చులూడిపోయి ఉండటంతో నన్ను తీసుకెళ్ళి మేకులకు తగిలించింది. నాకు తెర ఉద్యోగం వచ్చింది.

ఆ ఉద్యోగంలో ఒక చిక్కుంది. నా మీద పడే బొమ్మ నాకు కనబడదు. నాకు కనబడేవి పిల్లల మొహాలే. ఏ సినిమా ఆడుతోందో ఆ మొహాలు చూసి ఊహించుకోవాలి. ఒకసారి దిగులుపడ్డ కుర్రాడి ముక్కు మీద నా చిల్లు పడిందట, క్లాసంతా గొల్లుమన్నది. ఒక్క పిల్ల నవ్వలేదు. వెనక బెంచీ కెజియా. పోయినేడు వక్తృత్వంలో కప్పు తెచ్చిన పిల్ల, దసరా సెలవుల తర్వాత క్లాసులోనే తల వాల్చేస్తోంది. లెక్కల సారు దానికి బద్ధకమని పేరు పెట్టేశాడు.

సినిమా అయ్యాక టీచరు, "ఏమనిపించిందిరా?" అని అడిగింది. ఒకటో తరగతి నుంచి వాళ్ళకున్న అలవాటు ఒకటే. కథ అవగానే లేచి నిలబడి నీతి చెప్పాలి.

"నీతి: మనము ఎల్లప్పుడూ సంతోషముగా ఉండవలెను," అన్నాడు మొదటి బెంచీ ఫణీంద్ర.

"నీతి: బద్ధకము పనికిరాదు," అన్నారు ఇంకొకరు.

టీచరు తల పట్టుకుంది. "నీతి వద్దు నాయనా. ఆ పిల్లాడికి ఎట్టా ఉందో చెప్పండి చాలు."

"నీతి లేకపోతే అది కథెట్టా అవుద్ది టీచర్?" అన్నాడు ఫణీంద్ర. నాకూ అదే అనుమానం.

కథలతో కాదని ఆవిడ నాటకానికి దిగింది. పిల్లలే రాసుకున్నారు. ఒక అమ్మాయి దుప్పటి ముసుగేసుకుని పడుకుంటుంది, ఇంట్లోవాళ్ళు తలా ఒక సలహా ఇస్తారు, చివర్లో స్నేహితులు పాట పాడి చప్పట్లు కొట్టగానే నవ్వుతూ లేస్తుంది. అంతా బాగుంది గానీ పడుకునేవాళ్ళు దొరకలేదు. తల మీదిదాకా ముసుగేసుకుంటే శవంలా ఉంటుందని, అరిష్టమని ఇళ్ళల్లో వద్దన్నారు.

"నేను పడుకుంటా టీచర్," అంది కెజియా. ఒక్క డైలాగూ లేని వేషం ఎవరో ఒకరు తీసుకున్నందుకు అందరూ సంబరపడ్డారు.

వార్షికోత్సవం నాడు పొద్దున్నే పందిరి నిండింది. కెజియా స్టేజీ మీద వేసిన మంచమెక్కి పడుకుంది, నన్ను కప్పారు. కప్పగానే నాకు గుండె జారింది, దుప్పటికి గుండె ఉంటే. ఆ పిల్ల ఊపిరి నాకు కొత్తది కాదు. ఆ బరువూ కొత్తది కాదు. వేలి గోరు తడుముకుంటూ వెళ్ళి పాత చిల్లు దగ్గర ఆగింది. ఇది నాటకమా, నిజమా? ఎవర్నడగను?

బామ్మ వేషం పిల్ల మిరపకాయలు తిప్పింది. నాన్న వేషంలో ఫణీంద్ర, "లేచి గ్రౌండు చుట్టూ పరిగెత్తవే, అదే పోద్ది!" అన్నాడు. జనం పడీ పడీ నవ్వారు. పాట పాడారు, చప్పట్లు కొట్టారు. కెజియా లేవలేదు. మళ్ళీ పాడారు. లేవలేదు.

"అబ్బ, ఏం యాక్షను చేస్తందమ్మా!" అని ఎవరో అంటే పందిరంతా చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న కెజియా వాళ్ళమ్మ కూడా మురిసిపోయి కొట్టింది. ఆ చప్పుడుకు నా కింద పిల్ల ఇంకా ముడుచుకుపోయింది. హెడ్మాస్టరు పక్కనుంచి, "లేపండ్రా!" అని గదిమాడు. ఫణీంద్ర నన్ను లాగెయ్యడానికి వంగాడు. నేను ఊడిపోతే అంతమంది ముందు ఆ పిల్ల మొహం ఏమైపోతుంది! నాకు చేతులుంటే మంచం కోళ్ళకు ముడేసుకునేదాన్ని.

"ముట్టుకోమాకరా!" దమయంతి టీచరు స్టేజీ మీదికి వచ్చేసింది. తెర దించమని సైగ చేసి, పిల్లల్ని పంపేసి, మంచం పక్కన స్టేజీ చెక్కల మీదే చతికిలబడింది. నన్ను లాగలేదు.

"లేవకపోయినా పర్లేదు తల్లీ. నాకేం తొందర పని లేదు. ఇక్కడే కూర్చుంటా."

చాలాసేపటికి లోపల్నుంచి గొంతు వినబడింది. "టీచర్, ఇది యాక్షన్ కాదు."

"తెలుసమ్మా."

"మీకెట్టా తెలుసు?"

టీచరు పైనుంచి వేలు పెట్టి, చిల్లులో ఉన్న ఆ పిల్ల వేలిని తాకింది. "ఈ చిల్లు చేసింది నేనే కెజియా. ఒక ఎండాకాలమంతా దీని కిందే ఉన్నా."

అప్పుడు తడిసాను. ఆ ఎండాకాలమంతా చుక్క తడి ఎరగని దాన్ని, లోపల్నుంచీ తడిసాను, పైనుంచీ తడిసాను.

వాళ్ళమ్మ పరిగెత్తుకొచ్చింది. "మా పిల్లకేమైందండీ? అన్నం తింటానే ఉందిగా!" అని బిత్తరపోయింది. టీచరు ఆవిణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ వారమే ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్ళారని విన్నాను.

నయమైందా అంటే చెప్పలేను, దుప్పటికి ఎవరు చెబుతారు? కొన్ని రోజులు కెజియా బడికి వస్తుంది, కొన్ని రోజులు రాదు. నేను మళ్ళీ మేకులకెక్కాను. "మన నాటకంలో నీతేంది టీచర్?" అని ఫణీంద్ర ఇంకా అడుగుతూనే ఉన్నాడు. "నాకూ తెలీదురా," అంటుంది టీచరు.

నిన్న సినిమా అయిపోయాక టీచరు నన్ను మేకుల నుంచి దించి, అలవాటుగా గడ్డం కింద నొక్కిపెట్టుకుని చేతులు చాపింది. పిల్లలంతా ఇంటర్వెల్‌కు పరిగెత్తారు. వెనక బెంచీలోంచి కెజియా లేచి వచ్చింది.

"ఆ కొసలు నాకివ్వండి టీచర్."

ఇద్దరూ నన్ను గట్టిగా విదిలించారు. సుద్దపొడి లేచి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. తర్వాత ఎదురెదురుగా నడిచి వచ్చి చేతులు కలిపారు. నా మూల ఒక్కటీ నేలకు తగల్లేదు.